మెరుపు కోసం లేజర్: చామనఛాయ చర్మానికి ఎంతవరకు సురక్షితం?

కోల్‌కతాలో శరత్కాలం దగ్గర పడుతోందంటే దుర్గాపూజ సందడి మొదలైనట్టే. గరియాహాట్‌లో చీరల దుకాణాలు, న్యూ మార్కెట్‌లో చెప్పుల అంగళ్లు కిటకిటలాడే ఆ వారాల్లోనే సౌందర్య కేంద్రాలకూ గిరాకీ పెరుగుతుంది. ముఖంపై మచ్చలు పోగొడతామని, అవాంఛిత రోమాలను తొలగిస్తామని, సడలిన చర్మాన్ని బిగిస్తామని ప్రకటనలు వెలువడతాయి. హైదరాబాద్‌, విశాఖపట్నాల్లో పెళ్లిళ్ల కాలానికి ముందు కనిపించే దృశ్యమే ఇది. కోల్‌కతాలోను, ఖరగ్‌పూర్‌లోను తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోని యువతీ యువకులకూ ఈ ప్రకటనలు కొత్త కావు.

ఈ చికిత్సలు మోసమని కొట్టిపారేయడానికి వీల్లేదు. సరైన రోగనిర్ధారణ, తగిన యంత్రం, శిక్షణ పొందిన చెయ్యి కలిసినప్పుడు పుట్టుకతో వచ్చిన ఎర్రమచ్చ మొదలు మొటిమలు మిగిల్చిన గుంటల వరకు ఎన్నో సమస్యలకు అవి ఉపశమనం కలిగిస్తాయి. అయితే వాటి పని తీరు ఒక్కటే. చర్మంలోకి వేడినో, కొన్ని సందర్భాల్లో చలినో పంపి, లెక్క ప్రకారం ఒక చిన్న గాయం చేస్తారు. ఆ గాయం మానే క్రమంలోనే ఆశించిన ఫలితం వస్తుంది. లెక్క తప్పితే మిగిలేది గాయమే. ఆ లెక్కలో తప్పు జరిగితే తట్టుకునే వెసులుబాటు చామనఛాయ చర్మానికి తక్కువ. కాబట్టి ‘ఏ యంత్రం మంచిది?’ అన్న ప్రశ్నకంటే, ‘నా చర్మాన్ని చూసి నిర్ణయం తీసుకుంటున్నది ఎవరు?’ అన్న ప్రశ్న ముఖ్యమైనది.

చర్మంలో ఏం జరుగుతుంది?

ఈ చికిత్సల్లో వాడే శక్తి ప్రధానంగా నాలుగు రూపాల్లో ఉంటుంది. మొదటిది కాంతి. లేజర్‌లో ఒకే తరంగదైర్ఘ్యం గల కాంతి వెలువడుతుంది. క్రికెట్ పోటీలతో సంబంధం లేని ‘ఐపీఎల్’ అనే మరో పద్ధతిలో, సుమారు 500 నుంచి 1,200 నానోమీటర్ల మధ్య ఉన్న అనేక తరంగాల కాంతి తీవ్రమైన మెరుపుగా వస్తుంది. ఇది లేజర్ కాదు. రెండోది రేడియో తరంగాల విద్యుత్తు. ఇది కణజాలం గుండా పోయేటప్పుడు వేడి పుడుతుంది. సన్నని సూదుల ద్వారా ఆ వేడిని చర్మం లోపలికి పంపడమే రేడియోఫ్రీక్వెన్సీ మైక్రోనీడ్లింగ్. మూడోది హైఫూ, అంటే ఒక బిందువు వద్దకు కేంద్రీకరించిన అల్ట్రాసౌండ్. నాలుగోది కొవ్వు కణాలను గడ్డకట్టించే అతిశీతల చికిత్స.

థియోడర్ మైమన్ 1960లో అమెరికాలో తొలి లేజర్‌ను పనిచేయించి చూపారు. సిన్సినాటికి చెందిన చర్మవైద్యుడు లియోన్ గోల్డ్‌మన్ కొద్ది కాలానికే దానిని చర్మంపై ప్రయోగించడం ఆరంభించారు. ఆ తొలినాళ్లలో లేజర్ తగిలిన చోట చుట్టుపక్కల చర్మం కూడా దెబ్బతినేది. అనవసరమైన ఈ నష్టాన్ని తగ్గించే సూత్రాన్ని రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ అనే శాస్త్రవేత్తలు 1983లో ప్రతిపాదించారు. చర్మంలోని ప్రతి పదార్థం కొన్ని రంగుల కాంతిని ఎక్కువగా గ్రహిస్తుంది. రోమమూలంలోని మెలనిన్, రక్తంలోని హీమోగ్లోబిన్, పచ్చబొట్టులోని సిరా, కణాల్లోని నీరు ఒక్కొక్కటి ఒక్కో రకంగా స్పందిస్తాయి. లక్ష్యంగా ఎంచుకున్న పదార్థం మాత్రమే గ్రహించే కాంతిని, ఆ వేడి పక్కకు పాకేలోపే ఆగిపోయేంత స్వల్ప వ్యవధిలో పంపితే లక్ష్యం నశిస్తుంది, చుట్టూ ఉన్న చర్మం నిలుస్తుంది. నేటి సౌందర్య లేజర్లలో అధిక భాగం ఈ సూత్రంపైనే ఆధారపడి ఉన్నాయి.

అంటే తరంగదైర్ఘ్యం, తీవ్రత, వ్యవధి, చల్లదనం అనే నాలుగింటి మధ్య సమతూకం కుదరాలి. యంత్రం తెరపై ఒక మీట నొక్కితే ఈ సమతూకం దానంతట అది కుదరదు. ఎదుట ఉన్న చర్మాన్ని బట్టి దానిని మార్చుకోవలసి ఉంటుంది.

చర్మం రంగుతో లెక్క ఎందుకు మారుతుంది?

ఎండలో తెల్ల గొడుగు కంటే నల్ల గొడుగు గుడ్డ ఎక్కువగా వేడెక్కుతుంది. చర్మం విషయంలోనూ జరిగేది అదే. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ పైపొరలోనే ఉంటుంది. ఎండ నుంచి మనను కాపాడే ఈ వర్ణకమే లేజర్ కాంతికి తొలి అడ్డుగోడ అవుతుంది. రోమమూలంలోని మెలనిన్‌ను చేరవలసిన కాంతిలో కొంత భాగాన్ని పైపొరలోని మెలనిన్ దారిలోనే గ్రహించి వేడెక్కుతుంది. తెల్లని చర్మానికి సరిపోయే తీవ్రతనే చామనఛాయ చర్మంపై వాడితే బొబ్బలు, కాలిన గాయాలు, మచ్చలు ఏర్పడేది అందువల్లే.

చర్మం ఎండకు స్పందించే తీరును బట్టి థామస్ ఫిట్జ్‌ప్యాట్రిక్ 1975లో ఒక వర్గీకరణను రూపొందించారు. మొదట తెల్లని చర్మానికే పరిమితమైన ఆ పట్టికలో గోధుమ, నలుపు వర్ణాలకు 5, 6 తరగతులు తరువాత చేరాయి. భారతీయుల్లో అత్యధికులు 3 నుంచి 5వ తరగతి మధ్య ఉంటారు. తరగతి పెరిగే కొద్దీ కాలే ముప్పు, ఆపై నల్లబడే ముప్పు కూడా పెరుగుతాయి.

రెండో చిక్కు గాయం తరువాత వస్తుంది. మన చర్మంలోని వర్ణక కణాలు చిన్నపాటి మంటకు సైతం చురుగ్గా స్పందిస్తాయి. మొటిమ తగ్గినా దాని స్థానంలో నల్లని మచ్చ నెలల తరబడి ఉండిపోవడం అందరికీ అనుభవమే. లేజర్ వేడి కలిగించిన మంట కూడా ఇలాగే నలుపును మిగల్చవచ్చు. చికిత్స జరిగిన రోజున అంతా బాగున్నట్టే కనిపించి, కొన్ని వారాల తరువాత ఆ నలుపు తేలవచ్చు. అరుదుగా వర్ణక కణాలే నశించి తెల్లమచ్చలు ఏర్పడతాయి. అవి మానడం మరింత కష్టం.

దీనికి మార్గాలు లేకపోలేదు. తరంగదైర్ఘ్యం పెరిగే కొద్దీ మెలనిన్ ఆ కాంతిని తక్కువగా గ్రహిస్తుంది, కాంతి మరింత లోతుకు చేరుతుంది. అందుకే 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ లేజర్‌తో పోలిస్తే 1,064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్‌ను ముదురు రంగు చర్మానికి సురక్షితమైనదిగా భావిస్తారు. 800 నుంచి 810 నానోమీటర్ల డయోడ్ లేజర్ ఈ రెండింటికీ మధ్యస్థం. ఎక్కువ వ్యవధి గల స్పందనలు, తక్కువ తీవ్రతతో ఆరంభం, చర్మాన్ని చల్లబరచే ఏర్పాటు ముప్పును ఇంకా తగ్గిస్తాయి. ఇవన్నీ తెలిసి నిర్ణయించే వ్యక్తి ఎదుట ఉండటమే అసలు రక్షణ.

ఏ చికిత్సలో ఏ ముప్పు?

అవాంఛిత రోమాలు: ‘శాశ్వతంగా పోతాయి’ అన్న ప్రకటనను అక్షరాలా నమ్మకూడదు. ఈ లేజర్లకు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇచ్చిన అనుమతుల్లోని మాట ‘శాశ్వత తగ్గింపు’. అంటే తిరిగి మొలిచే వెంట్రుకల సంఖ్య దీర్ఘకాలం తక్కువగా ఉంటుంది. పెరుగుదల దశలో ఉన్న వెంట్రుకలపైనే కాంతి బాగా పనిచేస్తుంది కాబట్టి వారాల విరామంతో అనేక విడతలు అవసరమవుతాయి. తెల్లని వెంట్రుకల్లో మెలనిన్ ఉండదు కాబట్టి వాటిపై ఫలితం ఉండదు. చికిత్సకు ముందు వ్యాక్సింగ్ చేయిస్తే కాంతికి లక్ష్యమైన రోమమే లేకుండా పోతుంది, షేవింగ్ మాత్రమే తగినది. కొందరిలో, ముఖ్యంగా ముఖం, మెడ మీద ముదురు రంగు చర్మం గలవారిలో, చికిత్స తరువాత వెంట్రుకలు ఇంకా పెరిగే విపరీత ఫలితమూ కనిపిస్తుంది. గడ్డం మీద వెంట్రుకలు హఠాత్తుగా పెరిగిన యువతికి ముందుగా హార్మోన్ల పరీక్ష అవసరం. అండాశయ సమస్యను గుర్తించకుండా లేజర్ చేస్తే డబ్బు, కాలం రెండూ వృథా అవుతాయి.

మంగు మచ్చలు: చెంపలపై గోధుమ రంగులో పరుచుకునే మంగుకు లేజర్ తొలి చికిత్స కాదు. ఎండ నుంచి రక్షణ, వైద్యులు సూచించిన పైపూత మందులతోనే ఆరంభించాలి. ‘లేజర్ టోనింగ్’ పేరిట తక్కువ తీవ్రతతో పదేపదే చేసే విడతల వల్ల మొదట మచ్చ పలచబడినా, మానేశాక తిరిగి ముదిరే అవకాశం ఉంది. మరీ ఎక్కువ విడతలు జరిగితే ముఖంపై చుక్కల్లాంటి తెల్లమచ్చలు ఏర్పడవచ్చు.

మొటిమల గుంటలు: 10,600 నానోమీటర్ల కార్బన్ డయాక్సైడ్ లేజర్ చర్మంలోని నీటిని వేడెక్కించి సూక్ష్మమైన రంధ్రాలు చేస్తుంది. వాటి మధ్య ఆరోగ్యకరమైన చర్మాన్ని వదిలివేసే ‘ఫ్రాక్షనల్’ పద్ధతితో మానే కాలం తగ్గింది. అయినా ఎర్రదనం, పొక్కులు, ఆపై నలుపు వచ్చే అవకాశం తప్పదు. పెదవుల వద్ద తరచూ హెర్పిస్ పొక్కులు వచ్చేవారికి అది తిరగబెట్టవచ్చు. గాయం మానిన చోట గడ్డలా ఉబికే కెలాయిడ్ తత్వం ఉన్నవారు ముందే చెప్పాలి.

పుట్టుమచ్చలు: రోగనిర్ధారణ జరగకుండా నల్లని మచ్చను లేజర్‌తో చెరిపించుకోవడం ప్రమాదకరం. అది చర్మ క్యాన్సర్ అయితే పైన కనిపించే ఆనవాలు పోయి, వ్యాధి గుర్తింపు ఆలస్యమవుతుంది. ఆకారం, రంగు, పరిమాణం మారుతున్న మచ్చను ముందు చర్మవైద్యులు పరీక్షించాలి.

రేడియోఫ్రీక్వెన్సీ, హైఫూ: ఇవి మెలనిన్‌పై ఆధారపడవు కాబట్టి ‘అన్ని రంగుల చర్మానికీ సురక్షితం’ అని ప్రచారం జరుగుతుంది. అందులో సగమే నిజం. రంగు వల్ల కాలే ముప్పు తక్కువే అయినా, లోతు వల్ల వచ్చే ముప్పు మిగిలే ఉంటుంది. శక్తి తప్పు లోతులో పడితే చెంపల కింది కొవ్వు కరిగి ముఖం గుంటలు పడవచ్చు, నరాలు దెబ్బతినవచ్చు. పేస్‌మేకర్ అమర్చుకున్నవారికి రేడియోఫ్రీక్వెన్సీ సరిపడదు.

కళ్లు: లేజర్ కాంతి నేరుగానో, అద్దంలో ప్రతిఫలించో కంటిలో పడితే రెటీనాకు శాశ్వత నష్టం కలగవచ్చు. కనుబొమల దిగువ భాగంలో, కనురెప్పలపై రోమాల తొలగింపునకు లేజర్ వాడకూడదు. రక్షణ కళ్లద్దాలు వాడుతున్న లేజర్ తరంగదైర్ఘ్యానికి తగినవై ఉండాలి, మామూలు చలువ అద్దాలు పనికిరావు.

స్టెరాయిడ్ క్రీముల నీడ

కోల్‌కతా చర్మవైద్యులు చాలా కాలంగా హెచ్చరిస్తున్న మరో సంగతి ఈ చర్చలో విస్మరించరానిది. భారతీయ చర్మవైద్యుల సంఘం పశ్చిమ బెంగాల్ శాఖ ఈ నగరం నుంచి 1955 నుంచి ఒక వైద్య పత్రికను నడుపుతోంది. నగరానికి చెందిన కౌశిక్ లాహిరి, అరిజిత్ కుండూ 2016లో అందులో, స్టెరాయిడ్ పూతల వల్ల దెబ్బతిని వాటికే అలవాటుపడిన ముఖం గురించి వివరంగా రాశారు. అంతకుముందు 2011లో ప్రచురితమైన అధ్యయనంలో దేశంలోని 12 కేంద్రాలకు ముఖచర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలించగా, 433 మంది స్టెరాయిడ్ పూతలు వాడుతున్నట్టు తేలింది. అంటే దాదాపు ప్రతి ఏడుగురిలో ఒకరు.

తెల్లబడతారని ఎవరో చెప్పగా మందుల దుకాణంలో చీటీ లేకుండా కొన్న ట్యూబు మొదటి వారాల్లో మెరుపునిస్తుంది. ఆ తరువాత చర్మం పలచబడుతుంది, ఎర్రని రక్తనాళాలు తేలతాయి, మొటిమలు వస్తాయి, మానేస్తే మంట పుడుతుంది. ఆ ఎర్రదనాన్నీ మచ్చలనూ పోగొట్టుకోవడానికి కొందరు నేరుగా లేజర్ కేంద్రానికి వెళతారు. పలచబడిన చర్మంపై వేడిని ప్రయోగించడం పుండు మీద కారం చల్లడమే. కేంద్ర ప్రభుత్వం 2018 మార్చిలో 14 రకాల స్టెరాయిడ్ పూతలను వైద్యుల చీటీతోనే అమ్మాలన్న నిబంధన కిందకు తెచ్చింది. అయినా ముఖానికి రాసుకున్న ప్రతి క్రీము పేరూ, వాడిన కాలమూ లేజర్‌కు ముందు దాచకుండా చెప్పడం రోగి బాధ్యత. అడగడం వైద్యుల బాధ్యత. ఆ ప్రశ్న అడగని చోట చికిత్స చేయించుకోకపోవడమే మేలు.

మొద్దుబార్చే క్రీముతోనూ జాగ్రత్త

లేజర్ నొప్పి తెలియకుండా చర్మాన్ని మొద్దుబార్చే క్రీము రాస్తారు. చిన్న భాగానికి, తగిన మోతాదులో అది సురక్షితమే. అమెరికాలో 22, 25 ఏళ్ల వయసు గల ఇద్దరు యువతులు రోమాల తొలగింపునకు వెళ్లే ముందు కాళ్లకు ఇలాంటి ఘాటైన క్రీమును దట్టంగా రాసుకుని ప్లాస్టిక్ కాగితం చుట్టుకున్నారు. మందు రక్తంలోకి ఎక్కువగా చేరడంతో ఇద్దరికీ మూర్ఛలు వచ్చాయి. కోమాలోకి వెళ్లి ప్రాణాలు కోల్పోయారు. ఎఫ్‌డీఏ 2007 ఫిబ్రవరిలో ఈ రెండు మరణాలను ప్రస్తావిస్తూ ప్రజలను హెచ్చరించింది. ‘ఇంట్లోనే రాసుకుని రండి’ అని ఎవరైనా ఒక డబ్బా చేతిలో పెడితే, ఎంత రాయాలి, ఎంతసేపు ఉంచాలి, అందులో ఏ మందు ఎంత శాతం ఉంది అని అడగాలి. పెద్ద భాగానికి రాయడం, పైన కప్పి కట్టడం వైద్యుల పర్యవేక్షణ లేకుండా చేయరాదు.

ఇతర దేశాల అనుభవం

ఈ యంత్రాలపై నియంత్రణ సంస్థల హెచ్చరికలు మునుపటి కంటే పెరిగాయి. స్త్రీల జననాంగాలకు ‘పునర్యౌవనం’ పేరిట లేజర్, రేడియోఫ్రీక్వెన్సీ పరికరాలను వాడటం వల్ల కాలిన గాయాలు, దీర్ఘకాలిక నొప్పి కలుగుతున్నాయని 2018 జులైలో ఎఫ్‌డీఏ ప్రకటించింది. ఆ ప్రయోజనానికి వాటి సామర్థ్యం, భద్రత నిరూపితం కాలేదని స్పష్టం చేసింది. 2025 అక్టోబరులో రేడియోఫ్రీక్వెన్సీ మైక్రోనీడ్లింగ్‌పై అదే సంస్థ మరో హెచ్చరిక చేసింది. కాలిన గాయాలు, మచ్చలు, కొవ్వు కరిగిపోవడం, ముఖాకృతి చెడిపోవడం, నరాలు దెబ్బతినడం వంటి తీవ్ర సమస్యలు తమ దృష్టికి వచ్చాయని, వీటిని ఇంట్లో సొంతంగా ప్రయోగించవద్దని తెలిపింది. జపాన్‌లో సౌందర్య కేంద్రాల్లో హైఫూ వల్ల జరిగిన ప్రమాదాలపై విచారణ తరువాత, అది వైద్యులు చేయవలసిన పనే అని 2024లో ఆ దేశ ఆరోగ్యశాఖ తేల్చి చెప్పింది.

ప్రసిద్ధ మోడల్ లిండా ఎవాంజెలిస్టా ఉదంతం మరో పాఠం. కొవ్వును గడ్డకట్టించే చికిత్స తరువాత తన శరీరంలో కొవ్వు తగ్గకపోగా గట్టిపడి పెరిగిందని ఆమె 2021లో వెల్లడించి, తయారీ సంస్థపై దావా వేశారు. 2022లో అది రాజీతో ముగిసింది. అరుదుగానైనా వచ్చే ఇలాంటి ఫలితాన్ని ముందే వివరించడం సమ్మతిలో భాగమని ఈ ఉదంతం చాటుతోంది.

హ్యాండ్‌పీస్ ఎవరి చేతిలో ఉండాలి?

భారతదేశంలో సౌందర్య ప్రక్రియలపై జాతీయ వైద్య కమిషన్ 2022 సెప్టెంబరులో మార్గదర్శకాలు విడుదల చేసింది. వర్క్‌షాపుల్లోను, యూట్యూబ్‌లోను చూసి నేర్చుకోవడం శిక్షణ కాబోదని అందులో పేర్కొంది. పరికరాల విషయానికి వస్తే, 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ ఔషధాల చట్టం పరిధిలోకి వచ్చాయి. వాటి తయారీ, దిగుమతులకు లైసెన్సు విధానం 2022, 2023 సంవత్సరాల్లో దశలవారీగా అమలైంది.

పశ్చిమ బెంగాల్‌లో 2017 నాటి వైద్య సంస్థల చట్టం ప్రకారం క్లినిక్‌లకు లైసెన్సు తప్పనిసరి. ఫిర్యాదుల కోసం అదే చట్టం కింద ఒక నియంత్రణ కమిషన్ ఏర్పడింది. కానీ సందు ఇక్కడే ఉంది. బ్యూటీ పార్లర్ గోడపై వేలాడే కోల్‌కతా నగరపాలక సంస్థ పత్రం వ్యాపారం చేసుకోవడానికి ఇచ్చిన అనుమతి మాత్రమే. ఆ పత్రం లోపల జరిగే చికిత్స నాణ్యతకు హామీ కాదు. అలాగే బోర్డుపై వైద్యుల పేరు ఉన్నంత మాత్రాన హ్యాండ్‌పీస్ వారి చేతిలో ఉంటుందన్న భరోసా లేదు. మంచి కేంద్రాల్లోనూ శిక్షణ పొందిన సహాయకులు కొన్ని పనులు చేస్తారు. అయితే చర్మాన్ని పరీక్షించి తీవ్రతను నిర్ణయించిన వైద్యులు ఆ సమయంలో అక్కడే ఉండాలి.

ఖరీదైన కేంద్రమే సురక్షితమన్న అభిప్రాయం కూడా సరికాదు. నగరంలోని ఎస్‌ఎస్‌కేఎం ఆసుపత్రి, కలకత్తా మెడికల్ కాలేజీ, ఆర్‌జీ కర్, స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్ వంటి ప్రభుత్వ సంస్థల్లో చర్మవ్యాధుల విభాగాలు ఉన్నాయి. లేజర్ అవసరమా కాదా అన్న తొలి సలహా కోసం అక్కడి అవుట్ పేషెంట్ విభాగానికి వెళ్లవచ్చు.

ఒప్పుకునే ముందు అడగవలసినవి

సమ్మతి పత్రంపై సంతకం చేసే ముందు కింది ప్రశ్నలకు సమాధానం రాబట్టుకోవాలి.

• నా సమస్యకు వైద్య పరిభాషలో పేరేమిటి? దానికి లేజర్ తప్ప మరో చికిత్స లేదా?

• పరీక్షించే వైద్యుల అర్హత ఏమిటి? రాష్ట్ర వైద్య మండలిలో వారి నమోదు సంఖ్య ఎంత? చికిత్స ఎవరు చేస్తారు?

• ఏ యంత్రం, ఏ తరంగదైర్ఘ్యం? నా రంగు చర్మంపై దానిని ఎంతకాలంగా వాడుతున్నారు?

• ముందుగా చెవి వెనుకో, దవడ కిందో చిన్న భాగంలో పరీక్షించి, ఫలితం చూశాకే ముందుకు వెళతారా?

• ఎన్ని విడతలు? మొత్తం ఖర్చెంత? మధ్యలో ఆపవలసి వస్తే మిగిలిన సొమ్ము సంగతేమిటి?

• బొబ్బ వస్తే రాత్రివేళ ఎవరిని సంప్రదించాలి?

మీరు చెప్పవలసినవీ ఉన్నాయి. గర్భం, వాడుతున్న మందులు, ముఖ్యంగా మొటిమలకు వాడే ఐసోట్రెటినోయిన్, ఎండకు చర్మాన్ని సున్నితంగా మార్చే డాక్సీసైక్లిన్ వంటివి, గతంలో వచ్చిన కెలాయిడ్లు, హెర్పిస్, ఇటీవలి ఎండ దెబ్బ దాచకూడదు. ఎండకు నల్లబడి ఉన్న చర్మంపై లేజర్ చేయించుకోకూడదు. పండుగ నాలుగు రోజుల్లో ఉందనగా కొత్త చికిత్స ఆరంభించడం తెలివైన పని కాదు. ఎర్రదనం తగ్గకముందే మండపాల చుట్టూ ఎండలో తిరగవలసి వస్తుంది. ఇంట్లో వాడుకునే ఐపీఎల్ పరికరాలు కొనేవారు పెట్టెపై ఉన్న చర్మం రంగుల పట్టికను తప్పక చూడాలి. ముదురు రంగుకు అవి వద్దని చాలా సంస్థలు అందులోనే చెబుతాయి.

పొరపాటు జరిగితే ఏం చేయాలి?

చికిత్స సమయంలో చిన్న చురుకు సహజం. భరించలేని మంట పుడితే వెంటనే ఆపమని చెప్పండి. ‘కాస్త ఓర్చుకోండి’ అన్న మాటకు తల ఊపవద్దు. కాలినట్టు అనిపిస్తే మామూలు చల్లని నీటి ధార కింద 20 నిమిషాల పాటు ఉంచాలి. మంచుగడ్డ నేరుగా పెట్టడం, టూత్‌పేస్ట్, పసుపు, నెయ్యి రాయడం హాని చేస్తుంది. బొబ్బలను చిదపరాదు. అదే రోజు చర్మవైద్యులను కలవాలి. తొలి గంటల్లో అందే చికిత్స మచ్చ మిగలకుండా చాలావరకు కాపాడుతుంది. చూపు మసకబారితే అత్యవసరంగా కంటి ఆసుపత్రికి వెళ్లాలి.

తేదీతో సహా ఫొటోలు తీయండి. రసీదులు, సమ్మతి పత్రం నకలు, ప్రకటన, వాట్సాప్ సందేశాలు భద్రపరచండి. వాడిన యంత్రం పేరు, తీవ్రత వివరాలను రాతపూర్వకంగా కోరండి. వైద్య సేవలు వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తాయని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. రోగికి వివరించి పొందిన సమ్మతికే విలువ ఉందని 2008లో మరో తీర్పులో స్పష్టం చేసింది. 2019 నాటి చట్టం ప్రకారం మీరు నివసించే చోట ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. కోల్‌కతాలో చికిత్స పొంది విజయవాడకు తిరిగి వెళ్లినవారికి ఇది ఉపయోగకరం. సాధారణంగా గడువు రెండేళ్లు. సలహా కోసం జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేయవచ్చు. వైద్యుల నిర్లక్ష్యంపై రాష్ట్ర వైద్య మండలికి, కేంద్రం తీరుపై రాష్ట్ర నియంత్రణ కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. పరికరం వల్ల జరిగిన హానిని, 2015లో ఆరంభమైన జాతీయ వైద్య పరికరాల భద్రతా పర్యవేక్షణ కార్యక్రమానికి రోగులు స్వయంగా తెలియజేయవచ్చు. ఇలా నమోదయ్యే ప్రతి నివేదిక తరువాతి రోగికి రక్షణ అవుతుంది.

చివరిగా ఒక మాట. మొటిమల గుంటలు, కాలిన మచ్చలు, ముఖంపై అధిక రోమాలు మనిషిని లోలోపల కుంగదీస్తాయి. వాటికి చికిత్స కోరడంలో సిగ్గుపడవలసింది లేదు. కానీ చామనఛాయ జబ్బు కాదు. ఏ లేజర్ కూడా పుట్టుకతో వచ్చిన చర్మం రంగును శాశ్వతంగా మార్చలేదు. ‘మిమ్మల్ని తెల్లగా చేస్తాం’ అని ఎవరైనా హామీ ఇస్తే, వారు మీ చర్మాన్ని ఇంకా పరీక్షించలేదని అర్థం. నిజంగా పరీక్షించే వైద్యులు కొన్నిసార్లు ‘మీకు ఇది అవసరం లేదు’ అని కూడా చెబుతారు. ఆ మాట చెప్పగలిగిన చోటునే మీ ముఖాన్ని నమ్మకంగా అప్పగించవచ్చు.